నాడి పట్టి చూస్తే ఆగే పక్షవాతం

పక్షవాతం వచ్చిందనగానే అందరి చూపూ పడిపోయిన చేతి మీదికి, వంకరపోయిన మూతి మీదికి వెళుతుంది. కాస్త తెలిసినవాళ్ళు తలకు స్కానింగు తీయించాలని పరుగెత్తుతారు. ఆ పరుగు అవసరమే. కానీ చాలామందిలో దెబ్బ తగిలింది మెదడుకైనా, ఆ దెబ్బ బయలుదేరింది గుండె నుంచి. గుండెలో కట్టిన చిన్న రక్తపు గడ్డ ఊడి, రక్తంతోపాటు పైకి కొట్టుకుపోయి, మెదడులో ఒక నాళానికి అడ్డం పడుతుంది. నాళాలు మూసుకుపోయి వచ్చే స్ట్రోకుల్లో ఐదింట ఒకటి నుంచి నాలుగింట ఒకటి దాకా ఈ కోవలోవే. చూసేవాళ్ళకు అది హఠాత్తుగా ముంచుకొచ్చిన ఆపదలా కనిపిస్తుంది. నిజానికి దానికి కావలసినదంతా నెలల ముందు, ఒక్కోసారి ఇరవై ముప్పై ఏళ్ళ ముందు గుండెలో సిద్ధమవుతూ వస్తుంది. ఆ కాలంలో చాలామందిలో మణికట్టు దగ్గర వేళ్ళు పెడితే తెలిసే ఆనవాలు ఒకటి ఉంటుంది. కాబట్టి ఈ రకం పక్షవాతాన్ని మొదట అడ్డుకోవలసిన చోటు పెద్దాసుపత్రి ఆపరేషన్ గది కాదు, పల్లెలోని ఆరోగ్య కేంద్రం. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి తమిళనాడులోని రాయవేలూరు (వేలూరు), గుడియాత్తం, వాటి నడుమ ఉన్న పళ్ళికొండ మంచి చోటు. ఈ ప్రాంతంలో పక్షవాతాన్నీ, దానికి దారితీసే గుండెజబ్బునూ వైద్యులు దశాబ్దాల క్రితమే ఇల్లిల్లూ, బడిబడీ తిరిగి లెక్కగట్టారు.

ముందు జబ్బు తీరు అర్థం చేసుకోవాలి. మెదడులో నాళం చిట్లి రక్తం కారడం ఒక రకం పక్షవాతం. నాళం మూసుకుపోయి అవతలి భాగానికి రక్తం అందకపోవడం రెండో రకం. ఎక్కువమందికి వచ్చేది ఈ రెండోదే. అందులోనూ తేడాలున్నాయి. బీపీ, షుగరు, పొగాకు వల్ల మెదడు నాళాల గోడలే మందమై అక్కడికక్కడ పూడిపోవచ్చు. లేదా గడ్డ వేరేచోట పుట్టి, ప్రయాణం చేసి వచ్చి ఇరుక్కోవచ్చు. రక్తంలో కొట్టుకొచ్చే గడ్డకు ఎంబోలస్ అని పేరుపెట్టి, ఈ ప్రయాణాన్ని పంతొమ్మిదో శతాబ్దం నడుమ రుజువు చేసినవాడు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్ఖో. గుండె నుంచి వచ్చే గడ్డ తరచుగా పెద్దది. అది మెదడు పక్కభాగానికి రక్తమిచ్చే పెద్ద నాళంలో చిక్కుకుంటే నష్టమూ పెద్దదే. ఎడమవైపు చిక్కితే కుడి కాలూ చెయ్యీ పడిపోవడంతోపాటు చాలామందికి మాట కూడా పోతుంది. నాళం మెల్లగా పూడేటప్పుడు జబ్బు గంటల తరబడి మెట్టుమెట్టుగా ముదరవచ్చు. గడ్డ వచ్చి పడినప్పుడు మాత్రం మామూలుగా మొదటి నిమిషంలోనే జబ్బు పూర్తి బలంతో కనిపిస్తుంది.

మరి ఎప్పుడూ కదులుతూ ఉండే గుండెలో రక్తం గడ్డ ఎందుకు కడుతుంది? అందరి గుండెలోనూ కట్టదు. కదలిక మందగించిన చోటే కడుతుంది. వాన వెలిశాక పాలారులో పారే నీటికి పాచి పట్టదు, ప్రవాహం తెగి నిలిచిన మడుగులకే పడుతుంది. గుండె పైగదులు ఒక లయలో ముడుచుకోవడం మానేసి, అడ్డూ అదుపూ లేకుండా వణకడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు ఎడమ పైగది పక్కన సంచిలా ఉండే మూలలో రక్తం కదలక నిలుస్తుంది. కవాటాల జబ్బు లేనివాళ్ళలో దొరికే గడ్డల్లో తొంభై శాతం పైగా ఆ మూలలోనే ఉంటాయి. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజలను ఏళ్ళ తరబడి గమనించి 1978లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఈ వణుకు ఉన్నవాళ్ళకు స్ట్రోక్ ముప్పు ఐదు రెట్లకు పైగా పెరుగుతుంది. దానికి రుమాటిక్ కవాట జబ్బు కూడా తోడైతే పదిహేడు రెట్లకు పైగా. ఈ రెండో అంకెకు మన నేలతో సంబంధం ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో ఈ గుండె వణుకు ముసలితనంతో వచ్చేది. మన దగ్గర అది చిన్నపిల్లల గొంతునొప్పితో కూడా మొదలవుతుంది.

స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల పిల్లలకు గొంతునొప్పి వస్తుంది. చాలామందికి అది తగ్గిపోతుంది. కొద్దిమందిలో రెండు మూడు వారాల తర్వాత కీళ్ళు వాచి జ్వరం వస్తుంది, ఇదే రుమాటిక్ జ్వరం. సూక్ష్మజీవి మీద పోరాడవలసిన శరీరం పొరబడి తన కణజాలాన్నే దెబ్బతీస్తుంది. కీళ్ళవాపు దిగిపోతుంది గానీ, గుండె కవాటాల మీద పడిన దెబ్బ మిగిలిపోతుంది. ఎడమ పైగదికీ కిందిగదికీ మధ్య ఉన్న మిట్రల్ కవాటం ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి ఇరుకవుతుంది. కిందికి దిగలేని రక్తం పైగదిలో నిలిచి, ఆ గది సాగి, చివరికి వణకడం మొదలవుతుంది. ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. చాలామందికి గర్భం మోసేటప్పుడు ఆయాసంతో మొదటిసారి బయటపడుతుంది. రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి ఈ జబ్బుతో ఎందరు వచ్చేవారో ఒక్క అంకె చెబుతుంది. ఇరుకైన మిట్రల్ కవాటాన్ని వెడల్పు చేసే ఆపరేషన్లు అక్కడి శస్త్రవైద్యులు 1980 దాకా వరుసగా చేసినవి 3,724 అని 1983లో ప్రకటించారు. ఒకే ఆసుపత్రి నుంచి ఇన్ని ఆపరేషన్ల ఫలితాలు రావడం ప్రపంచంలోనే అరుదు. అంతమంది కవాటాలు ఇరుకయ్యాయంటే, గడ్డ కట్టడానికి అనువైన గుండెలు కూడా అన్ని ఉన్నాయన్నమాట.

పక్షవాతం లెక్క కూడా ఇక్కడే ముందు తీశారు. 1960ల చివర్లో వేలూరు పట్టణంలో, చుట్టుపక్కల ఊళ్ళలో సుమారు రెండున్నర లక్షల జనాభాలో ఒకపక్క కాలూ చెయ్యీ పడిపోయినవాళ్ళు ఎందరున్నారో వెతికారు. ఆ ఫలితాలు 1970లో స్ట్రోక్ అనే అంతర్జాతీయ వైద్య పత్రిక మొదటి సంపుటంలోనే వచ్చాయి. లక్షమందికి సుమారు 57 మంది పక్షవాతంతో బతుకుతున్నారని, ఏటా లక్షకు 13 మందికి కొత్తగా వస్తోందని తేలింది. ఇప్పటి అంకెల పక్కన పెడితే ఇది చాలా తక్కువ. తిరువనంతపురం స్ట్రోక్ రిజిస్ట్రీ 2009లో వయసుల తేడాలు సర్దుబాటు చేసి ప్రచురించిన లెక్కలో ఏటా లక్షకు 135 మంది. రెండు చోట్ల లెక్క కట్టిన పద్ధతులు వేరు, జనాభా వయసులు వేరు, కాబట్టి జబ్బు పదింతలయిందని చెప్పకూడదు. ఆనాటి సర్వేకు దొరికింది ప్రధానంగా బతికి ఉన్న రోగులు, తొలి రోజుల్లోనే పోయినవాళ్ళు సులువుగా లెక్క తప్పుతారు. అయినా ఒక సంగతి స్పష్టం. జనం ఆయుష్షు పెరిగింది, బీపీ, షుగరు పెరిగాయి, పక్షవాతం కూడా పెరిగింది. గుండె నుంచి వచ్చే గడ్డలకూ పాత కారణమైన రుమాటిక్ జబ్బు పూర్తిగా పోకముందే, వయసు, బీపీ రూపంలో కొత్త కారణం వచ్చి చేరింది.

పాత కారణం పోయినట్టే కదా అని ఎవరైనా అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే, దానికి ఆధారమూ వేలూరు నుంచే ఉంది. ఈ ప్రాంతపు పల్లెల పిల్లల్లో జరిపి 1981లో ప్రచురించిన సర్వేలో వెయ్యికి దాదాపు ఐదుగురికి రుమాటిక్ గుండెజబ్బు కనిపించింది. 2001-2002లో వేలూరు జిల్లా గ్రామీణ బడుల్లో రెండు లక్షల ఇరవై తొమ్మిది వేలమందికి పైగా పిల్లలను పరీక్షిస్తే వెయ్యికి 0.68 మాత్రమే తేలింది. ఇది గొప్ప మార్పు. ఇళ్ళలో కిక్కిరిసి ఉండడం తగ్గడం, గొంతునొప్పికి సకాలంలో మందులు అందడం వంటివి ఇందుకు తోడ్పడి ఉంటాయి. కానీ దీని నుంచి జబ్బు తీరిపోయిందన్న నిర్ణయానికి రాలేం. స్టెతస్కోపుకు వినబడని జబ్బు ఎకో పరీక్షలో బయటపడుతోంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో వైద్యుడి చెవికి వెయ్యిలో ఒక్కరికన్నా తక్కువమందిలో దొరికిన జబ్బు, ఎకోలో వెయ్యికి 20 మందిలో కనిపించింది. అలా కనిపించినవన్నీ ముదిరి ప్రమాదం తెస్తాయని కాదు. ముఖ్యమైన మాట మరొకటి ఉంది. 1981లో బడిలో ఉన్న పిల్లలు ఇప్పుడు యాభయ్యో పడిలో ఉన్నారు. పిల్లల్లో జబ్బు తగ్గినా, నాడు కవాటం దెబ్బతిన్నవాళ్ళకు గడ్డ ముప్పు పెరిగే వయసు ఇప్పుడే వచ్చింది. వాళ్ళ పక్కనే, కవాటాలు బాగున్నా బీపీతో, వయసుతో గుండె లయ తప్పిన అరవై దాటినవాళ్ళు నిలబడ్డారు.

ఈ ఇద్దరినీ ముందే గుర్తుపట్టే ఉమ్మడి ఆనవాలు నాడి. బొటనవేలు మొదట్లో, మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి పూర్తిగా ఒక నిమిషం చూడాలి. మామూలు నాడి వేగంగా ఉన్నా, నెమ్మదిగా ఉన్నా ఒక వరసలో కొడుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో వరస అంటూ ఉండదు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఎడం మారిపోతూ ఉంటుంది, దెబ్బల బలం కూడా మారుతుంది. అలా అనిపించిన వెంటనే జబ్బు ఉన్నట్టు కాదు, ఈసీజీ తీస్తే తేలుతుంది. చాలామందికి దడ గానీ ఆయాసం గానీ ఉండదు, వాళ్ళకు మొదటి లక్షణం పక్షవాతమే అవుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకంలో బీపీ, షుగరు ఉన్నవాళ్ళకు ఇంటికే వచ్చి పరీక్ష చేసి మందులిస్తున్నారు. బీపీ పట్టీ కట్టిన ఆ చేతికే ఒక్క నిమిషం నాడి చూడడం అదనపు ఖర్చు లేని పని.

అయితే వెతికినంత మాత్రాన పక్షవాతాలు తగ్గుతాయా అన్న అనుమానం వైద్యుల్లోనే ఉంది. డెన్మార్క్‌లో డెబ్బై దాటిన సుమారు 6,000 మందితో జరిగిన పరిశోధనలో కొందరికి చర్మం కింద లయను నిత్యం నమోదుచేసే చిన్న పరికరం అమర్చారు. వాళ్ళలో ఈ జబ్బు రెండున్నర రెట్లు ఎక్కువగా బయటపడింది, కానీ పక్షవాతాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదని 2021లో తేల్చారు. ఈ ఫలితాన్ని పక్కకు నెట్టేయలేం. అయితే అది చెప్పేది నాడి చూడడం వృథా అని కాదు. నిమిషాలపాటు వచ్చిపోయే లయ తేడాను యంత్రంతో పట్టడం వేరు, వేలికి తగిలేంతగా స్థిరపడిన తేడాను పట్టడం వేరు. రెండోదాంట్లోనే ముప్పు ఎక్కువ. యూరప్ గుండెవైద్య సంఘం కూడా అరవై ఐదు దాటినవాళ్ళు ఏ పని మీద ఆసుపత్రికి వచ్చినా నాడి చూడమని సిఫారసు చేసింది. మనకు కావలసింది ఖరీదైన యంత్రాల వేట కాదు. ఎలాగూ వచ్చిన రోగిని చేయి పట్టి చూసే అలవాటు.

జబ్బు దొరికాక ఎదురయ్యే అసలు అభ్యంతరం మందు గురించి. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటే ఎక్కడైనా రక్తం కారి ప్రాణం మీదికి వస్తుందని భయం, అందుకే ఆస్పిరిన్ చాలుకదా అన్న సర్దుబాటు. భయంలో నిజం ఉంది, సర్దుబాటులో లేదు. కవాట జబ్బు లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో వార్ఫరిన్ స్ట్రోకులను దాదాపు మూడింట రెండొంతులు తగ్గిస్తుంది, ఆస్పిరిన్ లాంటివి ఐదో వంతుకు మించి తగ్గించవు. 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొత్తతరం మందు అపిక్సబాన్‌ను ఆస్పిరిన్‌తో పోల్చి చూశారు. స్ట్రోకులు సగానికి పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు మాత్రం రెండు పక్కలా ఇంచుమించు సమానం. అంటే ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళకు రక్తస్రావం ముప్పు తప్పలేదు, రక్షణ మాత్రం తగ్గింది. ముసలాయన తూలి పడతాడేమోనని మందు ఆపడం మరో అలవాటు. పడడం వల్ల తలలో రక్తం కారే ముప్పు ఈ మందు లాభాన్ని మించాలంటే ఆ మనిషి ఏడాదిలో దాదాపు 295 సార్లు పడాలని 1999లో కెనడా పరిశోధకులు లెక్కగట్టారు. పాత కడుపు పుండు, అదుపులేని బీపీ, కిడ్నీ జబ్బు వంటివి మాత్రం నిజంగా ఆలోచించవలసిన సంగతులు. వాటిని తూచవలసింది వైద్యుడు. పొరుగువాళ్ళ మాట మీద మాత్ర మానేయడం తూకం కాదు.

ఏ మందు అన్నది కూడా గుండెను బట్టే ఉంటుంది. ఇరుకైన రుమాటిక్ మిట్రల్ కవాటం ఉన్నవాళ్ళకూ, లోహపు కవాటం అమర్చినవాళ్ళకూ వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి పాతరకం మందులే వాడాలి. కొత్తవి సులువు కాబట్టి వీళ్ళకూ మేలే చేస్తాయని చాలామంది ఆశించారు. భారతీయ వైద్యుడు గణేశన్ కార్తికేయన్ ముందుండి నడిపిన ఇన్విక్టస్ పరిశోధనలో 24 దేశాలకు చెందిన నాలుగున్నర వేలమంది రుమాటిక్ రోగులను చూశారు. పాతమందు వేసుకున్నవాళ్ళలోనే మరణాలు తక్కువని 2022లో తేలింది. పాతమందుతో ఒక చిక్కుంది. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష అంకె సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి, లోహపు కవాటాలకు ఇంకాస్త ఎక్కువ. తోటకూర, మునగాకు ఒక వారం కూరలన్నిటా వేసి, మరో వారం పూర్తిగా మానేస్తే అంకె ఊగిసలాడుతుంది. ఆకుకూర మానక్కర్లేదు, రోజూ ఒకే తీరున తింటే చాలు. మందుల షాపులో కొని వేసుకునే కీళ్ళనొప్పుల మాత్రలు, విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ ఇంతకన్నా ప్రమాదం. అవి రక్తస్రావం ముప్పును బాగా పెంచుతాయి. పరీక్ష కోసం పల్లె నుంచి పట్నానికి కూలి మానుకుని రావాలన్న మాట నిజం. దానికి జవాబు మందు మానడం కాదు, పరీక్షను ఊరి దగ్గరికి తేవడం. వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కతో ఐఎన్ఆర్ చూపే చిన్న యంత్రాలు ఉన్నాయి. 1977 నుంచి కె.వి. కుప్పం ప్రాంతంలో పల్లెల ఆరోగ్యం చూస్తున్న రూసా వంటి కేంద్రం నడిచిన చోట ఇది అసాధ్యమైన కోరిక కాదు.

ఇంత శ్రమెందుకు, ఇప్పుడు గడ్డను కరిగించే సూది ఉంది, బయటికి లాగే తీగ ఉంది కదా అని మరో వాదన. అవి నిజంగానే గొప్ప సాధనాలు. గడ్డ కరిగించే మందు మూడు గంటల్లో ఇస్తే మేలని 1995లో, నాలుగున్నర గంటల దాకా పనిచేస్తుందని 2008లో రుజువైంది. తొడ దగ్గర నాళంలోంచి తీగ పంపి గడ్డను లాగేయడం 2015లో స్థిరపడింది. స్కానింగులో మెదడు ఇంకా మిగిలుందని కనిపించిన కొందరికి 24 గంటల దాకా లాభం ఉంటుందని 2018లో తేలింది. కానీ పెద్దనాళం మూసుకున్నప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్క. పళ్ళికొండ నుంచి వేలూరుకు జాతీయ రహదారి మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. చిత్తూరు నుంచి కూడా గంటలో చేరవచ్చు. దారి దగ్గరే, కానీ ఆలస్యం చాలాసార్లు ఇంట్లోనే జరుగుతుంది. పడుకుంటే తగ్గుతుందని, గాలి సోకిందని, పొద్దున చూద్దామని అంటారు. పలమనేరు వైపు విరూపాక్షిపురం పక్షవాతం మందుకు పేరుపడింది. అక్కడికి వెళ్ళేవాళ్ళ నమ్మకం మీద తగవు అక్కర్లేదు. ఏ వైద్యం చేసినా చేయకపోయినా మొదటి కొన్ని నెలల్లో చాలామందికి కొంత కదలిక తిరిగి వస్తుందనీ, నాడీకణాలను కాపాడే అవకాశం మొదటి గంటల్లోనే ఉంటుందనీ గుర్తుంచుకుంటే చాలు. మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. లక్షణం మొదలైన సమయం గుర్తుపెట్టుకోవాలి. నోట్లో నీళ్ళు గానీ ఆస్పిరిన్ గానీ వేయకూడదు. కారుతున్నది రక్తమో, అడ్డుపడింది గడ్డో సీటీ స్కాన్ తీసేదాకా ఎవరూ చెప్పలేరు. పది నిమిషాలు మాటపోయి మళ్ళీ వచ్చినా వెళ్ళాలి, ఎందుకంటే ఆ తర్వాతి రెండు రోజుల్లోనే పెద్ద స్ట్రోక్ వచ్చే ముప్పు ఎక్కువ.

ఇంతా చెప్పాక ఒక హద్దు గీయాలి. ప్రయాణించే గడ్డలన్నీ గుండెలో పుట్టవు. మెడలోని పెద్ద నాళాల్లో పేరుకున్న కొవ్వుపొర పగిలి పైకి పోవచ్చు. కాలిసిరలో కట్టిన గడ్డ, గుండె పైగదుల మధ్య పుట్టుకతో మూసుకోని చిన్న రంధ్రం గుండా ఎడమవైపుకు దాటి మెదడుకు చేరవచ్చు. వీటికి నాడి ఏ ఆనవాలూ ఇవ్వదు. మెదడు నాళాలే పూడిపోయే రకానికి బీపీ, షుగరు, పొగాకు అదుపు తప్ప దగ్గరి దారి లేదు. నాడి చూడడం పక్షవాతానికంతటికీ మందని ఎవరన్నా నమ్మవద్దు. అయితే ఒక జబ్బుకు ఎన్నో మూలాలున్నప్పుడు, చౌకగా దొరికే మూలాన్ని ముందు పట్టుకోవడం వివేకం. గడ్డను తీగతో లాగడానికి సుశిక్షితుడైన వైద్యుడు, యంత్రం, రాత్రింబవళ్ళు మేల్కొని ఉండే బృందం కావాలి. అంతా ఉన్నా బాగుపడేది కొందరే. గుండె లయ తప్పిందని ముందే తెలిసి మందు సరిగ్గా వేసుకున్నవాళ్ళలో చాలామందికి ఆ ఆపరేషన్ గది అవసరమే పడదు.

అందువల్ల చేయవలసిన పనుల వరస తలకిందులు కావాలి. బడిపిల్లల గొంతునొప్పికి సరైన మందు, కీళ్ళవాపు జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి తప్పకుండా అందడం మొదటి మెట్టు. ఆయాసపడే గర్భిణికి ఎకో పరీక్ష రెండోది. అరవై దాటినవాళ్ళకు బీపీ చూసినప్పుడల్లా నాడి చూడడం, తేడా ఉంటే ఆ వారంలోనే ఈసీజీ తీయడం మూడోది. తాలూకా ఆసుపత్రిలోనే ఐఎన్ఆర్ పరీక్ష దొరకడం నాలుగోది. సూదీ తీగా ఆ తర్వాత రావాలి, ఈ మెట్లన్నీ దాటి వచ్చిపడిన జబ్బు కోసం. వేలూరు ప్రాంతంలో పిల్లల గుండెజబ్బు రేటు ఇరవై ఏళ్ళలో ఏడో వంతుకు పడిపోవడం పెద్ద ఆపరేషన్ల వల్ల కాదు, జబ్బు మొదలయ్యే చోట పరిస్థితులు మారడం వల్లే అయి ఉండాలి. పిల్లల విషయంలో ఈ నేల చూపిన ఆ ఫలితాన్ని వాళ్ళ అమ్మానాన్నల, అవ్వాతాతల విషయంలో కూడా సాధించవచ్చు. అందుకు కొత్తగా కనిపెట్టవలసిన మందేమీ లేదు. ఉన్న మందును, ఉన్న పరీక్షను గడ్డ కట్టకముందే వాళ్ళ దగ్గరికి చేర్చాలి.